వెనక్కి తీసుకోరాని ఎత్తు

చదరంగం పోటీలకు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఒక బంటును ముందుకు జరిపి, కెమెరా వైపు చూసి నవ్వి, శాలువా కప్పించుకుని వెళ్లిపోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. ఆయన కారు గేటు దాటగానే ఆర్బిటర్, అంటే ఆటకు తీర్పరిగా ఉండే ఆయన, ఆ బంటును తీసి మళ్లీ దాని గడిలో పెట్టేస్తాడు. అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. దీనివల్ల ఇంతకాలం ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అతిథికి ఫొటో దక్కేది, ఆటగాడికి బంటు దక్కేది.

ఇంత చక్కటి ఏర్పాటు ఒక్క ఫొటోతో చెడింది. వేగిలంకలో జరిగిన రాష్ట్ర స్థాయి పోటీల్లో క్రీడల మంత్రిగారు బంటు జరిపి ఇంకా వేదిక మెట్లు దిగుతుండగానే ఆర్బిటర్ తొందరపడి దాన్ని వెనక్కి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక విలేకరి కెమెరా నొక్కాడు. మర్నాడు పేపర్లో 'మంత్రిగారి అడుగు వెనక్కి' అని పెద్దక్షరాలతో పడింది. మంత్రిగారు ఆ వారమే ఏదో భూముల గొడవలో వెనకడుగు వేసే ప్రసక్తే లేదని బల్ల గుద్ది చెప్పి ఉన్నారు. బల్ల గుద్దినప్పుడు పట్టుకున్న చేతినొప్పి ఇంకా తగ్గకముందే ఈ ఫొటో.

నెల తిరక్కుండా చదరంగ వికాస మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. దాన్ని తయారు చేసింది మండలి కార్యదర్శి కోరుమిల్లి విశ్వపతిగారు. విశ్వపతిగారికి చదరంగం రాదు. రాకపోవడం వల్లే తాను నిష్పక్షపాతంగా ఉండగలుగుతున్నానని ఆయన సభల్లో చెబుతుంటారు. ఉత్తర్వులో ఇలా ఉంది: 'గౌరవనీయ ప్రముఖులు వేసిన ఎత్తు సదరు ఆటలో సంపూర్ణమైన ఎత్తుగా పరిగణింపబడును. దానిని వెనక్కి తీసుకొనుట, సవరించుట, పెదవి విరచుట నిషిద్ధము. ప్రముఖులు ఎత్తు వేయుచుండగా ఎవ్వరును ఆటంకపరచరాదు, లెమ్మని సూచింపరాదు. వారు తమంతట తాము లేచిన పిదపనే పోటీలు ప్రారంభము కావలెను.'

దీనికి తోడు ఒక మౌఖిక ఆదేశం కూడా ఉంది. పాతకాలం వాళ్లు రాజు పక్కనుండే పెద్ద పావును మంత్రి అంటారు. మంత్రిగారు హాల్లో ఉన్నంతసేపూ దాన్ని రాణి అనే పిలవాలని, 'మంత్రి పోయింది' లాంటి మాటలు ఎవరి నోటా రాకూడదని విశ్వపతిగారు అందరికీ చెప్పి ఉంచారు. ఆ మాట మటుకు అందరూ పాటించారు. కనక మనమూ రాణి అనే అందాం.

ఆ ఉత్తర్వు వచ్చిన ఏడాదే గుత్తుల తులసీరత్నానికి కాలం కలిసొచ్చింది.

రత్నం వేగిలంకలోనే ఒక ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. చాలా ఏళ్లుగా రాష్ట్ర పోటీలు ఆడుతోంది. జాతీయ పోటీలకు నలుగుర్ని పంపిస్తారు. రత్నానికి ఏటా అయిదో స్థానం వస్తుంది. ఒక ఏడు ఆరో స్థానం వచ్చినప్పుడు, ఇంతకంటే అయిదే నయమని ఆమెకు తెలిసొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఎప్పుడూ చివరి ఆటలో ఎక్కడో చెయ్యి జారేది. ఈసారి మాత్రం చివరి రౌండు నాటికి ఆమె నాలుగో స్థానంలో ఉంది. ఆ ఆట గెలవక్కర్లేదు, డ్రా అయితే చాలు, జట్టులో ఆమె పేరుంటుంది.

ఎదుటి మనిషి పేరి కామేశంగారు. సహకార బ్యాంకులో క్యాషియరు, యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోడు. అయిదో స్థానంలో ఉన్నాడు. రత్నాన్ని ఓడిస్తే ఆ చోటు ఆయనది. కామేశంగారి ఆట రత్నానికి కొట్టిన పిండి. తెల్లపావుల వాళ్లు రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపితే ఆయన తన రాజు ముందరి బంటును రెండు గళ్లు జరుపుతాడు. మర్యాద తెలిసిన పాతకాలపు ఆట. దానికి విరుగుడుగా రత్నం ఏడాది పొడుగునా స్పానిష్ ఓపెనింగ్ సాధన చేసింది. ముందు రాజు బంటు, తర్వాత గుర్రం, ఆ తర్వాత శకటం. అక్కణ్ణుంచి ఎన్ని దారులున్నాయో అన్ని దారులూ నడిచి చూసింది. ఒకరోజు క్లాసులో సమీకరణం చెబుతూ నాలుగో మెట్టు దగ్గర బోర్డు మీద గుర్రం ఎత్తు రాసేసింది. పిల్లలు దాన్ని కూడా రాసుకుని, పరీక్షలో కూడా రాశారు.

పోటీలు ఒక కల్యాణమండపంలో జరిగాయి. మొదటి రోజు రావాల్సిన మంత్రిగారికి ఆ రోజు రెండు వంతెనలూ ఒక మరుగుదొడ్ల సముదాయమూ అడ్డొచ్చాయి. ఇదిగో వస్తున్నామని రోజూ కబురు పంపారు కనక అప్పటిదాకా ఆటలు జరగనిచ్చారు. ఆయన చివరి రోజు చివరి రౌండుకు వచ్చారు. మొదటి ఎత్తు చివరి రౌండులో వేయిస్తే బాగుంటుందా అని ప్రధాన ఆర్బిటర్ భానుమూర్తిగారు నసిగారు. మంత్రివర్యులు ఎప్పుడు విచ్చేస్తే అప్పుడే ఆరంభమని విశ్వపతిగారు తేల్చేశారు. ఇక ఏ బల్ల దగ్గర అన్నది ప్రశ్న. మంత్రిగారి నిలువెత్తు ఫ్లెక్సీ నాలుగో బల్ల వెనకాల గోడకు కట్టి ఉంది. ఫ్లెక్సీ విప్పి మొదటి బల్ల దగ్గర కట్టడం కంటే మంత్రిగారినే నాలుగో బల్ల దగ్గరికి తీసుకురావడం సులువు. నాలుగో బల్ల రత్నానిదీ కామేశంగారిదీ.

ఇద్దర్నీ లేచి పక్కన నిలబడమన్నారు. నిలబడ్డారు. మంత్రిగారు రత్నం కుర్చీలో కూర్చున్నారు.

ఏది జరపాలని ఆయన అడిగారు. తమరి చిత్తమని విశ్వపతిగారు అన్నారు. రాజు ముందరిది జరిపితే చాలు స్వామీ అని రత్నం లోపల మొక్కుకుంది. మంత్రిగారి వేలు రాజు బంటు దాకా వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, పక్క బంటును పట్టుకుంది. శకటం ముందుండే బంటు అది. రెండు గళ్లు కూడా జరపొచ్చండి అని ఎవరో అన్నారు. ప్రజాసేవలో తొందర పనికిరాదని చెప్పి ఆయన ఒక్క గడే జరిపారు. చప్పట్లు మోగాయి.

రత్నం ఊపిరి పీల్చుకుంది. చెత్త ఎత్తే, ఏడాది చదివిన స్పానిష్ ఓపెనింగ్ గంగలో కలిసింది, కానీ కొంప మునగలేదు. ఇక్కణ్ణుంచి ఓపిగ్గా ఆడితే డ్రా దొరుకుతుంది. ఆమె తన కుర్చీ వైపు అడుగు వేయబోయింది. విశ్వపతిగారు చెయ్యి అడ్డం పెట్టారు. నల్లపావుల వైపు ఇంకా మర్యాద జరగలేదన్నారు.

సంగతేమిటంటే, జిల్లా పరిషత్తు అధ్యక్షురాలు ప్రతిపక్షం ఆవిడ. అధికార పక్షం బంటు జరిపి ప్రతిపక్షం ఊరికే చూస్తే అది ప్రొటోకాల్ ఉల్లంఘన కింద వస్తుంది. ఆవిడ కామేశంగారి కుర్చీలో కూర్చుని, నల్లరాజు ముందరి బంటును రెండు గళ్లు ముందుకు తోసింది. మంత్రిగారి కంటే ఒక గడి ఎక్కువ. ప్రతిపక్షం వాళ్లు ఈల వేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఈల విన్న స్థానిక శాసనసభ్యులవారికి ఒళ్లు మండింది. తన నియోజకవర్గంలో, తన మండపంలో (మండపం ఆయన బావమరిదిది), తనను పిలవకుండా ఆట నడుస్తోందని ఆయన పైకే అన్నారు. మంత్రిగారు లేచి చోటిచ్చారు. శాసనసభ్యులవారు కూర్చుని, మా నియోజకవర్గం ఎప్పుడూ రెండడుగులు ముందే ఉంటుందంటూ, ఆ బంటు పక్కనే ఉన్న గుర్రం ముందరి బంటును రెండు గళ్లు జరిపారు.

రత్నం గబుక్కున బల్ల మీదికి వంగింది. కారణం ఇది. ఆ రెండు బంట్లూ తొలగిపోవడంతో తెల్లరాజు ఉన్న చోటికి ఒక ఏటవాలు దారి బార్లా తెరుచుకుంది. నల్లరాణి తన గడి నుంచి ఏటవాలుగా జారి బల్ల అంచుకు వచ్చి నిలబడితే చాలు, రాజు కదలడానికి గడి ఉండదు, అడ్డుపెట్టడానికి పావు ఉండదు. ఆటకట్టు. చదరంగంలో ఇంతకంటే త్వరగా ఓడిపోవడానికి దారి లేదు. ఆట నేర్చుకునే వాళ్లకు మొదటివారంలోనే చెప్పి, నవ్వించి, ఇక మర్చిపొమ్మనే సంగతి ఇది.

కామేశంగారు కూడా చూశాడు. ఇలాంటి గెలుపు ఆయనకు అక్కర్లేదు. ఇక చాలండీ, మేం ఆడుకుంటాం అని ఆయనా రత్నమూ ఒక్కసారే అన్నారు. ప్రముఖుల్ని ఆటంకపరచరాదని విశ్వపతిగారు గుర్తుచేశారు. నల్లవైపు ఇంకో మర్యాద బాకీ ఉందన్నారు. అటు ఒకరు, ఇటు ఇద్దరు అయితే ప్రతిపక్షం వాళ్లు రోడ్డెక్కుతారు.

అలా పురపాలక సంఘం అధ్యక్షులు చిట్టబ్బాయిగారు వచ్చి కూర్చున్నారు. ఆయనకు ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆయనా ప్రతిపక్షమే. ముందు ఏనుగును పట్టుకున్నారు. దాని ముందు బంటు ఉంది, అది ఇప్పుడు కదలదండి అన్నారు భానుమూర్తిగారు. శకటాన్ని పట్టుకుని, చూడ్డానికి చిన్నగా ఉందని వదిలేశారు. రత్నం కళ్లు మూసుకుంది. ఎవర్నో ఒక దేవుణ్ణి తలుచుకోవాలి గానీ ఏ దేవుడిది ఏ పార్టీయో తెలియక ఊరుకుంది. బల్ల మీద చెక్క జారిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఎంత దూరం పోతే అంత దూరం పంపించేశానండి," అన్నారు చిట్టబ్బాయిగారు. "మనది సగంలో ఆపే అలవాటు కాదు."

కళ్లు తెరిచేసరికి నల్లరాణి బల్ల అంచున నిలబడి ఉంది. హాలంతా చప్పట్లు. ప్రముఖులు నలుగురూ బల్ల చుట్టూ చేరి ఫొటో దిగారు. ఆ ఫొటోలో తెల్లరాజు కూడా ఉన్నాడు.

మంత్రిగారు రత్నాన్నీ కామేశంగార్నీ చూసి, "ఇంక పిల్లలు ఆడుకుంటారన్నమాట," అన్నారు.

భానుమూర్తిగారు ముప్ఫయ్యేళ్లుగా ఆర్బిటర్. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు, నిజం చెప్పడానికి ధైర్యం చాలదు. అందుకని నేల వైపు చూస్తూ, ఆట అయిపోయిందండి అన్నారు. ఎవరు గెలిచారని మంత్రిగారు అడిగారు. నల్లపావులండి అన్నారు. మంత్రిగారు తన కుడిచేతి వేలును ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత విశ్వపతిగారి వైపు చూశారు. ఆ చూపు తర్వాత విశ్వపతిగారు చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయారు.

అత్యవసర సమావేశం పెళ్లికూతురి గదిలో జరిగింది. తలుపు గడియ పడేది ఆ గదికొక్కదానికే. చుట్టూ బల్బులున్న పెద్ద అద్దం ముందు విశ్వపతిగారు కూర్చున్నారు. ఆయన ముఖం ఎన్నడూ లేనంత స్పష్టంగా ఆయనకే కనబడుతోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎత్తులు వెనక్కి తీసుకుందామంటే ఉత్తర్వు ఒప్పుకోదు. ఉంచేద్దామంటే అధికార పక్షం ప్రతిపక్షం చేతిలో రెండే ఎత్తుల్లో ఓడిపోయినట్టు రేపు పేపర్లో వస్తుంది.

శాసనసభ్యులవారి సహాయకుడు, రాజు చనిపోలేదు, అస్వస్థతకు గురయ్యారు అని ప్రకటిద్దామన్నాడు. అప్పుడు ఆసుపత్రి పేరు చెప్పాల్సి వస్తుందని విశ్వపతిగారు వద్దన్నారు. ఆయన చాలాసేపు ఆలోచించి భానుమూర్తిగార్ని అడిగారు.

"రాజుగారు కదలడానికి గడి లేకపోవడమే కదా సమస్య. తాత్కాలిక ప్రాతిపదికన ఒక గడి మంజూరు చేస్తే?"

"బల్ల మీద అరవై నాలుగే ఉంటాయండి."

"అరవై అయిదోది మంజూరు చేసే అధికారం మండలికి లేదంటారా?"

మండలికి లేదనీ, అసలు భూమ్మీద ఎవరికీ లేదనీ భానుమూర్తిగారు చెప్పారు. విశ్వపతిగారు నిరాశపడలేదు. మేధావికి ఒక తలుపు మూస్తే గోడ కూడా తలుపులాగే కనబడుతుంది. ఆ క్రీడాకారిణి ఈ ఆటలో ఎన్ని ఎత్తులు వేసిందని అడిగారు. ఒక్కటీ వేయలేదండి అన్నారు భానుమూర్తిగారు. ఆ నల్లపావుల పెద్దమనిషి? ఆయనా ఒక్కటీ వేయలేదండి. ఆట ముగిసేలోగా ఒక్క ఎత్తు కూడా వేయని వారిని మీ నిబంధనల్లో ఏమంటారు? భానుమూర్తిగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. చివరికి, గైర్హాజరు అంటామండి అన్నారు.

విశ్వపతిగారి ముఖం అద్దంలో వెలిగింది. ఓటమి లేదు, ఓడినవారు లేరు. ఇద్దరు ఆటగాళ్లూ రాలేదు. అంతే.

రత్నాన్ని లోపలికి పిలిచి ఈ సంగతి చెప్పారు. చెప్పకుండా గైర్హాజరైన వాళ్ల మీద రెండేళ్ల నిషేధం ఉంటుంది కనక అది కూడా చెప్పారు. ఆమెకు మొదట అర్థం కాలేదు.

"నేను ఇక్కడే ఉన్నాను కదండి. మీరే పక్కన నిలబడమన్నారు."

"మండపంలో మీరు హాజరు. ఆ విషయంలో మండలికి ఎట్టి సందేహమూ లేదు. ఆటలో గైర్హాజరు."

"పోనీ ఓడిపోయానని రాసుకోండి. జట్టులో చోటు కూడా వద్దు. ఓడిపోయానని రాయండి చాలు, వచ్చే ఏడు మళ్లీ ఆడతాను."

ఓడిపోవాలని బతిమాలుకున్న మొదటి మనిషి చదరంగం చరిత్రలో రత్నమే అయి ఉంటుంది. విశ్వపతిగారు జాలిగానే తల అడ్డంగా ఊపారు. ఓడిపోవాలంటే ఆడి ఉండాలి కదమ్మా అన్నారు. ఆ రెండు ఎత్తులూ తానే వేశానని రాసిస్తే మాత్రం పునఃపరిశీలించవచ్చన్నారు. మంత్రివర్యులు ఊరికే బంటును ఆశీర్వదించారని సరిపెట్టవచ్చట.

పోయేదేముంది, రాసిస్తే పోలా అని రత్నం ఒక్క క్షణం అనుకుంది. కానీ ఆ రెండు బంట్లూ కళ్ల ముందు కదిలాయి. అవి తన ఎత్తులని ఎలా ఒప్పుకోవడం? దొంగతనం చేశానని అడిగినా అంత సిగ్గుపడేది కాదు. వద్దండి అని బయటికి వచ్చేసింది. ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని కడుపారా ఏడ్చింది. నిషేధం గురించి కాదు, ఏడాదంతా తయారు చేసుకున్న ఆటలో ఒక్క ఎత్తు కూడా వేయకుండానే అది అయిపోయిందని.

ఖాళీ అయిన నాలుగో చోటుకు ఎవర్ని పంపాలన్నది తర్వాతి సమస్య. ప్రముఖుల ఎత్తు సంపూర్ణమైన ఎత్తు అని ఉత్తర్వులోనే ఉంది. ఆ లెక్కన సంపూర్ణమైన ఆటకట్టు చేసింది చిట్టబ్బాయిగారు. ఒకే ఒక్క ఎత్తు వేసి గెలిచిన ఆటగాడు రాష్ట్రంలో ఇంకొకరు లేరు. ప్రతిపక్షం వాళ్లు ధర్నా చేస్తామనేసరికి ఆయన్నే జాతీయ పోటీలకు పంపించారు. అక్కడ చిట్టబ్బాయిగారు ప్రతి ఆటలోనూ ఒక బంటు జరిపి, చుట్టూ చూసి, నవ్వి, లేచి కారెక్కేవారు. ఆయన వంతు సమయం కొలిచే గడియారం నడిచి నడిచి ఆగిపోయేది. అన్ని ఆటలూ పోయాయి. మన క్రీడాకారునికి ఒక్కసారి కూడా ఆటకట్టు కాలేదని విశ్వపతిగారు నివేదికలో గర్వంగా రాశారు.

ఊరుకున్నవాళ్లు ఊరుకున్నా వేగిలంక ఊరుకోలేదు. ఎవరైనా పని మొదలెట్టి మధ్యలో వదిలేస్తే, చిట్టబ్బాయి ఎత్తు వేశాడ్రా అనడం అలవాటైపోయింది. మేస్త్రీలనీ అన్నారు, అల్లుళ్లనీ అన్నారు. దాంతో రాష్ట్రంలో ప్రముఖుడన్నవాడెవడూ బంటు ముట్టుకోవడానికి సాహసించని పరిస్థితి వచ్చింది.

విశ్వపతిగారు ఇది గ్రహించి ఉత్తర్వుకు ఒక సవరణ తెచ్చారు. ఇకమీదట ప్రముఖుల ఎత్తులు వేదిక మీద విడిగా వేసిన గౌరవ బల్ల మీద జరుగుతాయి. చెరోవైపు ఒకరు చొప్పున ఇద్దరు ప్రముఖులు కూర్చుంటారు. ఆ ఆట ఫలితం ఏ లెక్కలోకీ రాదు. మిగతా ఉత్తర్వు అంతా యథాతథం.

మరుసటి ఏడు మళ్లీ వేగిలంకలోనే పోటీలు. రాష్ట్రం నలుమూలల నుంచీ ఆటగాళ్లు వచ్చి బల్లల ముందు కూర్చున్నారు. గౌరవ బల్ల ఖాళీగా ఉంది. మంత్రిగారికి రక్తపోటు. శాసనసభ్యులవారికి నడుం పట్టేసింది. చిట్టబ్బాయిగారిని అడగడానికి వెళ్లిన గుమాస్తా మీదికి ఐసు దిమ్మ వచ్చింది. చివరికి ఊళ్లో రిటైరైన హెడ్మాస్టరు కూడా, నా పెన్షనేదో నన్ను తిననివ్వండి బాబూ అని దణ్ణం పెట్టేశాడట. ప్రముఖులు ఎత్తు వేసి లేస్తే తప్ప పోటీలు మొదలవకూడదని ఉత్తర్వు. ఆటగాళ్లను అతిథులుగా కూర్చోబెడదామంటే వాళ్లు ఆటగాళ్లు.

అప్పుడు భానుమూర్తిగారు నోరు విప్పారు. ఈ పోటీల్లో ఆడటం లేదని మండలే స్వయంగా ధ్రువపరచిన వాళ్లు ఊళ్లో ఇద్దరున్నారండి అన్నారు. చదరంగం లోకంలో వాళ్ల పేర్లు తెలియనివాళ్లు కూడా లేరండి అన్నారు.

విశ్వపతిగారు జీపేసుకుని ట్యుటోరియల్ కాలేజీకి వచ్చారు. రత్నం క్లాసులో ఉంది. గుమ్మంలోకి వచ్చి ఆయన చెప్పిందంతా విని, నా మీద నిషేధం ఉంది కదండి అంది. అది క్రీడాకారిణిగా మాత్రమే, ప్రముఖురాలిగా మండలికి మీపై అపార గౌరవం ఉందని ఆయన అన్నారు. ఒక్క ఎత్తు వేసి లేచి వచ్చేయడమేనన్నారు.

"నల్లపావులు ఎవరివండి?"

"కామేశంగారివి. ఆయన్ని బ్యాంకు నుంచి తీసుకొస్తున్నారు."

రత్నం పిల్లల్ని ఇళ్లకు పొమ్మంది.

వేదిక మీద ఇద్దరికీ దండలు వేశారు, శాలువాలు కప్పారు. వీరి సేవలు చిరస్మరణీయమని విశ్వపతిగారు మైకులో అన్నారు. ఏ సేవలో చెప్పలేదు. రత్నం తెల్లపావుల వైపు కూర్చుంది. రాజు ముందరి బంటును పట్టుకుని రెండు గళ్లు ముందుకు జరిపింది. చప్పట్లు. కామేశంగారు తన రాజు బంటును రెండు గళ్లు జరిపాడు. చప్పట్లు, ఫొటో. విశ్వపతిగారు చేతులు జోడించి, ఇక దయచేయండి అనబోయి, లెమ్మని సూచించరాదన్నది గుర్తొచ్చి, చేతులు జోడించి ఊరుకున్నారు.

సగం లేచిన కామేశంగారు బల్ల మీద మరో చప్పుడు విని ఆగాడు. రత్నం గుర్రాన్ని కదిపింది. ఆయన గుర్రాన్ని చూశాడు, రత్నాన్ని చూశాడు. మెడలో దండ తీసి కుర్చీ వెనక తగిలించి, మళ్లీ కూర్చున్నాడు. తన గుర్రాన్ని కదిపాడు. రత్నం శకటాన్ని ముందుకు తెచ్చింది. స్పానిష్. ఏడాదిగా లోపలే ఉండిపోయిన ఎత్తులు అవి, ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి.

విశ్వపతిగారు భానుమూర్తిగారి చెవి దగ్గరికి వంగి, ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగారు. ప్రముఖులు ఎత్తు వేయుచుండగా ఎవ్వరును ఆటంకపరచరాదండి అన్నారు భానుమూర్తిగారు. మీరు రాసిందేనండి అని కూడా అన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ప్రముఖుల కార్యక్రమం నడుస్తుండగా కూర్చోకూడదు కనక అధికారులు వరుసగా నిలబడే ఉన్నారు. కింద బల్లల దగ్గరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి వేదిక చుట్టూ మూగారు. పోటీలు ఎప్పుడు మొదలవుతాయని ఎవ్వరూ అడగలేదు. రత్నం ఒక బంటును బలిచ్చినప్పుడు వెనక ఎవరో మెల్లగా భళా అన్నారు. కామేశంగారు ఆ బంటును చాలాసేపు చూసి, తీసుకోకుండా వదిలేసినప్పుడు మళ్లీ అన్నారు.

సాయంత్రం అయ్యేసరికి బల్ల మీద పావులు పలచబడ్డాయి. ఇద్దరివీ సమానంగా ఉన్నాయి. కామేశంగారు శాలువాతో మొహం తుడుచుకుని ముందుకు వంగాడు.

"డ్రా చేసేసుకుందామా అమ్మా? ఎవరికీ తప్పు కాదు."

నిరుడు ఈ మాట కోసం ఆమె ఏమైనా ఇచ్చేది. వేదిక కింద విశ్వపతిగారు కాలు మార్చుకుంటూ, ఆశగా ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"వద్దు బాబాయిగారూ," అంది రత్నం. "ఇంకా ఆడదాం."